రెండు వేళ్ల వదులు

నాలుగో అంతస్తు మలుపు దగ్గర వెనక్కి తిరిగి, రెయిలింగు మీద చెయ్యేసి, ఆమె మళ్లీ కిందికి దిగడం మొదలుపెట్టింది. పైన ఇంకొక్క వరస మెట్లెక్కితే డాబా వస్తుంది. ఈ బిల్డింగులోకి కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో పొద్దున పూట ఆ డాబా మీద కాలు పెట్టింది లేదు. ఎక్కేది చూడ్డానికి కాదు, తగ్గడానికి. నిన్న రాత్రి ఆకలి ఆగక ఇంకో గరిటె అన్నం వేసుకుంది. అది ఈ మెట్ల మీద వదిలిపోయేదాకా ఇంట్లోకి వెళ్లకూడదని ఆమె పెట్టుకున్న రూలు. చూసేవాళ్లకి తప్పు చేసిన పిల్లచేత ఎవరో గుంజీలు తీయిస్తున్నట్టుంటుంది. తీయించేదీ ఆమే, తీసేదీ ఆమే.

కుడి మోకాలు ప్రతి మలుపులోనూ టక్కుమంటుంది. ఆమె పట్టించుకోదు. నుదురు, మెడ, జాకెట్టు వీపు తడిసి ముద్దయ్యాయి. పెదాలు బిగించి ముక్కుతోనే చిన్న చిన్న ఊపిర్లు తీస్తుంది. నలభై దాటినా నడుము సన్నంగా, వీపు నిటారుగా, భుజాలు సరిసమానంగా ఉంటాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆమెని చూసి ముచ్చటపడతారు, కొంచెం ఏడుస్తారు కూడా.

ఆమె ఏం పని చేస్తుందంటే ఒక పట్టాన ఎవరికీ అర్థం కాదు. రెడీమేడ్ బట్టల కంపెనీలో, శాంపిల్ గదిలో, చెక్కపీట మీద నిలబడుతుంది. అదీ పని. కొత్త చొక్కా గానీ ప్యాంటు గానీ వేల లెక్కన కుట్టే ముందు ఒక్కటి కుట్టి ఆమెకి తొడుగుతారు. చేతులు ఎత్తమంటే ఎత్తుతుంది, వంగమంటే వంగుతుంది, కూర్చోమంటే కూర్చుంటుంది. చంకలో పట్టిందనో, భుజం జారిందనో చెబుతుంది. అది సరిచేశాక ఆ కొలతతో ఊరంతటికీ మీడియం సైజు బట్టలు తయారవుతాయి. అందుకే కంపెనీలో ఆమెని పేరుపెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు. చిన్నవాళ్లకి మీడియమక్క, పెద్దవాళ్లకి ఉత్త మీడియం.

రెండో అంతస్తు దగ్గర భర్త ఎదురొచ్చాడు. బేకరీలో రాత్రి డ్యూటీ ముగించుకుని వస్తున్నాడు. చేతిలో కాగితం సంచీ, కనుబొమల్లో మైదా. పొట్ట ముందు, మనిషి వెనక. మెట్టు మీద చతికిలపడి, సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు. సంచీలోంచి వేడి బన్నుల వాసన మెట్లన్నీ పాకింది. ఆమె ఆ వాసన మాత్రం పీల్చుకుంటుంది. బన్ను తినదు. పెళ్లయినప్పటి నుంచీ అంతే.

"ఇంకా ఎన్నిసార్లు?" అన్నాడు.

"ఇంకో రెండు."

"ఒక్క గరిటె అన్నానికా? వడ్డీ ఎక్కువేసుకుంటున్నావే."

ఆమె నవ్వలేదు. అతన్ని దాటి దిగబోయింది.

"ఒక సంగతి అడుగుతాను, కోప్పడకు," అన్నాడు. "నిద్రలో కూడా పొట్ట లోపలికి లాక్కునే పడుకుంటావు. ఎందుకే?"

"నిద్రలో ఎవరైనా లాక్కుంటారా? మీకేం పనిలేదా?"

"నేనూ అదే అనుకున్నా. మొన్న సెలవు రోజు నిద్ర పట్టక చూస్తూ పడుకున్నా. నా పనేంటి చెప్పు, పిండి పొంగిందా లేదా చూడ్డమేగా. ఏది కదులుతోందో ఏది కదలట్లేదో నా కంటికి తెలుస్తుంది. నీకు ఇదిగో, ఈ గొంతు కింద కాస్త కదులుతుంది. పొట్ట మాత్రం బల్లలా ఉంది. వదులుతావేమోనని చాలాసేపు చూశా. వదల్లేదు."

ఆ మాటలో వేళాకోళం లేదు. నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు. ఆమె మిగిలిన రెండు సార్లూ ఎక్కడం మరిచిపోయి, అతని వెనకే ఇంట్లోకి వెళ్లిపోయింది.

స్నానాల గదిలో గొళ్లెం పెట్టుకుని అద్దంలో చూసుకుంది. అద్దం చిన్నది, మెడ దాకానే కనిపిస్తుంది. బకెట్టు బోర్లించి ఎక్కి నిలబడితే పొట్ట కనిపించింది. వదులు, అని మనసులో చెప్పింది. ఏమీ కాలేదు. గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. భుజాలు లేచి దిగాయి గానీ పొట్ట ఉన్నచోటే ఉంది. వేలితో పొడిచింది, గట్టిగా తగిలింది. ఈ పొట్టని ఆమె ఎన్నిసార్లు చూసుకుందో లెక్కలేదు. ప్రతిసారీ టేపు చూసినట్టే చూసింది, ఎంతుందని. ఎలా ఉన్నావని ఒక్కసారీ అడగలేదు. ఆ ఆలోచన తట్టి ఆమెకే నవ్వొచ్చింది. పొట్టని కుశలం అడగడమేంటి?

బయటికొస్తే కూతురు ఒక చేత్తో జడ పట్టుకుని, రెండో చేత్తో బన్ను తింటోంది. నిలబడే తింటోంది, తింటూనే బల్ల మీది ఫోన్లో ఏదో చూసి నవ్వుతోంది. పిల్ల నవ్వినప్పుడల్లా చొక్కా కింద పొట్ట ముందుకొచ్చి వెనక్కి వెళుతోంది. ఆమె తువ్వాలు భుజాన వేసుకుని అలాగే చూస్తూ నిలబడిపోయింది.

"ఏంటమ్మా?"

"ఊపిరి ఎలా తీసుకుంటున్నావో చూస్తున్నా."

"ముక్కుతో," అంది కూతురు, ఇంకో ముక్క కొరుకుతూ.

భర్త మామూలుగానే రెండు బన్నులు కాగితంలో చుట్టి ఆమె సంచీలో పెట్టాడు. ఆమె తినదని అతనికి తెలుసు. గుండీలు కుట్టే ఆవిడకి ఇచ్చేస్తుందనీ తెలుసు. అయినా పెడతాడు. మానేస్తే ఏదో ఒప్పుకున్నట్టవుతుందని అతని భయం కాబోలు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. రోజూ ఈ ప్రయాణంలో ఆమె జనం బట్టలు చూస్తుంది. కాలరు ఎవరిది నిలబడింది, భుజం కుట్టు ఎవరిది జారింది అని. ఇవాళ బట్టల లోపల ఉన్నవాళ్లని చూసింది. ముందు సీట్లో తండ్రి భుజం మీద నిద్రపోతున్న పసివాడి వీపు మొత్తం లేచి పడుతోంది. కండక్టరు తన బొజ్జ మీద టిక్కెట్ల మిషను ఆనించుకుని చిల్లర లెక్కపెడుతున్నాడు. దాన్ని దాచే ఉద్దేశం ఆయనకి ఏ కోశానా లేదు. కడ్డీ పట్టుకుని నిలబడిన ఒక కాలేజీ పిల్ల మాత్రం పొట్ట లోపలికి పీల్చి, గొంతు కింద ఊపిరి తీస్తోంది. పిల్ల చూడ్డానికి బాగుంది. మీడియమక్కకి తన చుట్టాన్ని చూసినట్టు అనిపించింది. అది సంతోషమేం కాదు.

తర్వాతి స్టాపులో ఆఫీసుకెళ్లే ఒకావిడ వచ్చి పక్కన కూర్చుంది. నీలం ప్యాంటు, జేబు అంచున రెండు వరసల కుట్టు. తమ కంపెనీదే, మీడియమే. ఆ ప్యాంటు మొదట నిలబడింది తన కాళ్ల మీదే. ఆవిడ కూర్చోగానే హ్యాండుబ్యాగు ఒళ్లోకి లాక్కుని, దాని చాటున చెయ్యి పోనిచ్చి నడుము గుండీ విప్పేసింది. తర్వాత ఒక పెద్ద ఊపిరి వదిలింది. ఆ ఊపిరి వినగానే మీడియమక్కకి లోపల ఏదో చివుక్కుమంది. దిగే స్టాపు వచ్చేదాకా ఆ బ్యాగు వైపే చూస్తూ కూర్చుంది.

శాంపిల్ గది కంపెనీలో పై అంతస్తులో ఉంటుంది. పొడుగాటి కటింగు బల్ల, గోడ నిండా మేకులకి వేలాడే కొలతల అట్టలు, మూలన ఆవిరి ఇస్త్రీ, కిటికీ దగ్గర గుండీలావిడ కుర్చీ, మధ్యలో చెక్కపీట. పీటకి ఎదురుగా గోడ మీద సైజుల కార్డు అంటించి ఉంటుంది. అందులో మీడియం నడుము ఎంతో రాసి ఉంటుంది. ప్రతినెలా మొదట్లో కటింగు మాస్టరు ఆమె నడుముకి టేపు చుట్టి, ఆ కార్డు వంక చూసి, తల ఊపుతాడు. ఆ తల ఊపడం కోసమే ఆమె నెలంతా మెట్లెక్కుతుంది.

మొదట్లో ఇలా కాదు. పద్దెనిమిదేళ్ల పిల్లగా కింద ప్యాకింగులో చేరింది. అట్టపెట్టెలు మోసే పదిమందిలో ఒకతె. చదువు అంతంతమాత్రం, రంగు అంతంతమాత్రం, ఇంట్లోనూ మధ్యది. ఒకరోజు మాస్టరు మెట్లు దిగుతూ ఆగి, ఆమెని ఎగాదిగా చూసి, "ఈ పిల్లకి అన్నీ సరిగ్గా సరిపోయాయి," అన్నాడు. ఆయన అన్నది భుజాల సంగతీ నడుము సంగతీ. ఆమెకి మాత్రం అంతకుముందు ఎవరూ అలాంటి మాట అనలేదు. ఆ మాట పట్టుకునే పైకొచ్చింది. పీట దిగిపోతే తనేమిటో ఆమెకి తెలియదు. అదొక్కటే ఆమె భయం, ఇన్నేళ్లూ అదే ఆమెని నడిపించింది.

కూతురు పుట్టాక నడుము మళ్లీ కొలతకి వచ్చిన రోజు గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పూట పీట మీద ఆమెకి కళ్లు తిరిగాయి, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఎప్పుడో ఒక నెల టేపు కార్డుని ఒక పిసరు దాటబోతే చటుక్కున పొట్ట లోపలికి లాక్కుంది. మాస్టరు తల ఊపాడు. ఈ ఒక్కసారికే కదా అనుకుంది. ఆ ఒక్కసారి ఇంకా అయిపోలేదని ఇవాళ పొద్దున మెట్ల మీద తెలిసింది.

ఆమె చెప్పులు విడిచి గదిలోకి రాగానే మేనేజరమ్మ గొంతు వినిపించింది. బల్ల మీద నీలం ప్యాంట్లు ఒక గుట్ట పోసి ఉన్నాయి. అన్నీ మీడియమే, అన్నీ షాపుల నుంచి తిరిగొచ్చినవే.

"నిలబడితే బ్రహ్మాండంగా ఉందట, కూర్చుంటే నడుము పట్టేస్తోందట," అంటోంది మేనేజరమ్మ. ఆవిడ కేకలేసే మనిషి కాదు, నిద్రలేక కళ్ల కింద నల్లబడి ఉంది. "స్మాలుకి ఈ గొడవ లేదు, లార్జుకి లేదు. మీడియం ఒక్కటే. రేపు పొద్దున కొత్త సరుకు కటింగు మొదలుపెట్టాలి మాస్టర్‌గారూ. బట్ట పరిచేశారు. ఇవాళ సాయంత్రానికి తప్పెక్కడుందో తేల్చండి."

మాస్టరు తలకాయ గోక్కున్నాడు. అరవై దాటిన మనిషి, మెడలో టేపు లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఉండరు. నెల రోజుల నుంచి ఆయన ఈ తప్పు వెతుకుతూనే ఉన్నాడు. బట్ట ఉతికితే ముడుచుకుంటోందేమో చూశాడు. దారం బిగువు చూశాడు. మిషన్లు విప్పించాడు. కుట్టేవాళ్లని అనుమానించి, తర్వాత వాళ్లకి టీ తాగించి తప్పయిందన్నాడు.

"ఎక్కమ్మా," అన్నాడు పీట చూపించి.

తెర వెనక ప్యాంటు మార్చుకుని వచ్చి పీటెక్కింది. మాస్టరు చుట్టూ తిరిగాడు. మణికట్టుకి కట్టుకున్న దూదిదిండులోంచి గుండుసూదులు తీసి నోట్లో పెట్టుకున్నాడు. నిలబడితే ప్యాంటు నిజంగానే బొమ్మకి తొడిగినట్టుంది. ముడత లేదు, మడత లేదు.

"కూర్చో."

కుర్చీ అంచున నిటారుగా కూర్చుంది.

"ఎక్కడన్నా పట్టిందా?"

"లేదు."

"కొంచెం ముందుకి వంగు. ఇప్పుడు?"

"లేదు మాస్టర్‌గారూ."

ఆయన సూదులన్నీ నోట్లోంచి తీసి దిండుకి గుచ్చేశాడు. "అదే నా ఖర్మ. ఊళ్లో అందరికీ పట్టేది నీకు పట్టదు."

గుండీలావిడ కిసుక్కున నవ్వింది. మీడియమక్క నవ్వలేదు. తన పొట్ట సంగతి ఇప్పుడు ఆమెకి తెలుస్తోంది. పక్కటెముకల కింద, వెన్నుకి దగ్గరగా, అది ఎవరూ అడక్కుండానే లోపలికి పోయి కూర్చుంది. బస్సులో ఆవిడ గుండీ విప్పుకోవడం కళ్ల ముందు మెదిలింది. చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఎదురుగా కార్డు ఉంది. చెప్పకపోయినా అడిగేవాళ్లు లేరు. కానీ వదిలితే ఏమవుతుందో చూడాలన్న కోరిక పొద్దున్నుంచీ ఆమెని గోకుతూనే ఉంది. భయం కంటే అది ఒక మెట్టు పైకెక్కింది.

"అన్నం తిని కూర్చుంటా మాస్టర్‌గారూ," అంది.

మాస్టరు అయోమయంగా చూశాడు. ఆమె పీట మీద ఉండగా అన్నం మాటెత్తడం ఆయన ఎరగడు. శాంపిల్ గదిలో అదొక కట్టుబాటు. కొలత మనిషి పని అయ్యేదాకా నీళ్లు కూడా గుక్కెడే తాగాలి. ఎవరూ ఎక్కడా రాసింది కాదు, ఆమె పాటిస్తే అలవాటైపోయింది. ఆయన మేనేజరమ్మ వైపు చూశాడు. ఆవిడ భుజాలెగరేసింది.

"తిను," అన్నాడు. "ప్యాంటు విప్పకు. అలాగే కూర్చుని తిను."

గుండీలావిడ తన కుర్చీ ఇచ్చింది. చేతులున్న మెత్తటి కుర్చీ. కటింగు బల్ల మూల ఖాళీ చేశారు. ఆమె డబ్బా విప్పింది. అందులో ఉడికించిన కూరగాయ ముక్కలు, పిడికెడు అన్నం ఉన్నాయి. గుండీలావిడ అందులోకి తొంగిచూసి, మొహం అదోలా పెట్టి, తన డబ్బా మూత నిండా అన్నం, పప్పు, గుడ్డు సర్ది ముందుకి తోసింది.

"ఇన్నేళ్లూ మీ ఆయన బన్నులు నేను తిన్నాను," అంది. "ఉద్యోగం నీది, కండ నాది. ఇవాళ్టికి నా కంచంలోది నువ్వు తిను."

మీడియమక్క తినడం మొదలుపెట్టింది. గదిలో అందరూ పని చేస్తున్నట్టు నటిస్తూ చూస్తున్నారు. ఇస్త్రీ చేసేవాడు ఒకే చొక్కా చెయ్యి మీద పెట్టె తోస్తూ ఉండిపోయాడు. మొదట ఆమెకి ముద్ద దిగలేదు. నాలుగైదు ముద్దల తర్వాత ఎవరు చూస్తున్నారో మరిచిపోయింది. పప్పులో ఉప్పు కొంచెం ఎక్కువైంది, గుడ్డు బాగుంది. మూత ఖాళీ అయ్యాక చెయ్యి దానంతట అదే సంచీలోకి వెళ్లింది. బన్ను చల్లారిపోయినా మెత్తగానే ఉంది. కొరికింది. పైన తీపి ఉంటుందనుకుంది, లోపల ఏదో సన్నటి ఉప్పదనం తగిలింది. అంటే ఈయన పిండిలో ఉప్పు కలుపుతాడన్నమాట. ఇన్నేళ్ల కాపురంలో ఆ సంగతి ఆమెకి తెలియదు. రెండో బన్ను కూడా తిన్నది.

తిన్నాక వెనక్కి ఆనుకుంది. అలా ఆనుకోవాలని అనుకోలేదు, వీపే వెళ్లి ఆనుకుంది. కళ్లు కాస్త బరువెక్కాయి. ఏమీ చెయ్యకుండా, ఎవరికీ చెప్పకుండా, లోపల గుప్పిట విడింది. ఊపిరి ముక్కులోంచి దిగి, గొంతు దాటి, ఛాతీ దాటి, ఇంకా కిందికి, ఆమె ఎరగని చోటికి వెళ్లింది. పొట్ట ముందుకొచ్చింది. తర్వాత మెల్లగా వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చింది. ఆమె చెయ్యి వేసి చూసుకుంది. వెచ్చగా ఉంది, మెత్తగా ఉంది. ఇదా, అనుకుంది. ఇదా నువ్వు?

అప్పుడు నడుము పట్టీ పట్టేసింది. గుండీ కింద బట్ట ఒంట్లోకి కోసుకుపోతున్నట్టుంది.

"ఇక్కడ," అంది.

మాస్టరు గబగబా వచ్చాడు. పట్టీలోకి వేలు దూర్చబోతే దూరలేదు. ఆమె మొహం చూశాడు. మెడలో టేపు తీసి నడుము చుట్టూ వేసి, రెండు కొసలూ కలిపి, కళ్లజోడు పైకి నెట్టుకుని చదివాడు. కార్డు వైపు చూశాడు. మళ్లీ చదివాడు. ఆయన నలభై ఏళ్లుగా టేపు చదువుతున్న మనిషి, అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అందరూ వెళ్లి టీ తాగి రండి," అన్నాడు. మేనేజరమ్మ ముందే ఫోను వచ్చి బయటికెళ్లింది. మిగిలినవాళ్లూ ఒకరి వెనక ఒకరు వెళ్లారు. గుండీలావిడ వెళుతూ తలుపు దగ్గరగా వేసింది.

మాస్టరు ఆమె ఎదురుగా పీట మీదే కూర్చున్నాడు. ఆయన దాని మీద కూర్చోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఎన్నాళ్ల నుంచి?"

"పాప రెండేళ్లప్పుడు అనుకుంటా. గుర్తులేదు. పట్టుకున్నానని నాకే తెలీదు మాస్టర్‌గారూ, ఇవాళ పొద్దున మా ఆయన చెబితే తెలిసింది."

ఆయన బల్ల మీది ప్యాంట్ల గుట్ట వైపు చూశాడు.

"నీ మీద నడుము దగ్గర కొంచెం వదులు కనిపించేది," అన్నాడు చివరికి. "ప్రతిసారీ నేనే తీసేసేవాణ్ని. ఊపిరాడ్డానికి ఉంచాల్సిన వదులది. నీకు అవసరం లేనట్టుండేది, తీసేశాను. అంటే ఊపిరి తీసుకోని మనిషి కోసం కుట్టానన్నమాట ఇన్నాళ్లూ. ఇదివరకు బట్ట సాగేది, బయటపడలేదు. ఈసారి సాగని బట్ట వచ్చేసరికి దారాన్ని తిట్టాను, బట్టని తిట్టాను."

"తప్పు నాదే."

"టేపు పట్టుకున్నది నేను. నీ మొహం ఎందుకు పాలిపోయి ఉంటుందో ఒక్కసారన్నా అడిగానా? కార్డు చూశాను, తల ఊపాను." ఆయన గొంతు సర్దుకున్నాడు. "సరే, అదలా ఉంచు. ఒక మాట చెబుతా విను. నడుము పట్టీకి రెండు వేళ్ల వదులు నేను కలిపేస్తాను. ప్యాంటు బాగుపడుతుంది, గొడవ తీరిపోతుంది. ఎందుకో ఎలాగో మేనేజరమ్మకి చెప్పక్కర్లేదు. నువ్వు ఎప్పటిలాగే పీటెక్కు. టేపు చుట్టినప్పుడు ఎప్పటిలాగే బిగబట్టు. నాకు తెలిసినా తెలియనట్టుంటాను. నీ చోటు నీకుంటుంది."

ఆయన మంచికే చెబుతున్నాడు. ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి. గోడ మీద అట్టలు, కిటికీలోంచి బల్ల మీద పడే ఎండ, ఈ పీట, రోజూ తనని చూసి సరిపోయిందనే మనుషులు. ఇవన్నీ ఉంటాయి. చెయ్యాల్సిందల్లా ఒక్కసారి లోపలికి లాక్కోవడం. లేచి నిలబడింది. ప్రయత్నించింది. పొట్ట లోపలికి వెళ్లింది. వెళ్లగానే ఛాతీలో పాత బిగువు, గొంతు కింద పాత చిన్న ఊపిరి వచ్చి కూర్చున్నాయి. నిన్నటిదాకా ఇది మామూలు. ఇవాళ, కాసేపు వదిలాక, ఇది నొప్పి అని తెలుస్తోంది.

వదిలేసింది.

"ఇన్నేళ్లకి ఇవాళే వదలడం వచ్చింది మాస్టర్‌గారూ," అంది. "మళ్లీ పట్టుకోమంటే ఎలా చెప్పండి?"

మాస్టరు తల ఊపాడు. కార్డు వైపు చూడకుండా ఊపాడు. జేబులోంచి సుద్దముక్క తీశాడు.

మేనేజరమ్మకి సంగతంతా ఆమే చెప్పింది. ఆవిడ వింటూ వింటూ తన నడుము మీద చెయ్యి వేసుకుంది, తర్వాత ఎవరూ చూడలేదు కదా అని తీసేసింది. కోప్పడలేదు. ఇస్త్రీ సెక్షన్లో ఒక అమ్మాయి కొలతలు దగ్గరగా ఉన్నాయనీ, రేపటి నుంచి ఆ పిల్ల పీటెక్కుతుందనీ చెప్పింది. "మీకు కింద ప్యాకింగులో ఏదైనా చూస్తాను, ఈ గదిలో మాత్రం ఖాళీ లేదు," అని, ఆ మాట చెబుతున్నందుకు నొచ్చుకుంది.

"నేను ఆలోచించుకుని చెబుతానండీ," అంది మీడియమక్క.

సాయంత్రం కటింగు బల్ల సర్దేశారు. కొత్త అట్ట మీద మాస్టరు గీతలు గీసి కత్తిరించడం అయిపోయింది. ఆమె తెర వెనక తన బట్టలు కట్టుకుని వచ్చింది. వీడ్కోలు, చప్పట్లు అలాంటివేం లేవు. కొందరికి ఇంకా తెలియదు. గుండీలావిడ మాత్రం ఆమె చెయ్యి పట్టుకుని, "ఇక బన్నులు నాకు రావన్నమాట," అని, వెంటనే అటు తిరిగి ముక్కు చీదుకుంది.

గుమ్మం దగ్గర ఆమె ఆగింది.

"మాస్టర్‌గారూ, రేపు వచ్చే పిల్ల చిన్నది. అన్నం తిన్నాకే పీటెక్కించండి."

"అలాగేనమ్మా," అన్నాడు ఆయన.

"ఊరికే ఎక్కడ పట్టిందని అడిగితే లేదనే అంటుంది. ఒంట్లో ఎలా ఉందని కూడా అడగండి."

ఆమె చెప్పులేసుకుని మెట్లు దిగింది. మోకాలు టక్కుమంటే ఆగి, చేత్తో నాలుగుసార్లు రాసి, నెమ్మదిగా దిగింది. కిటికీలోంచి మాస్టరు చూస్తూ నిలబడ్డాడు. ఆమె గేటు దాటింది, బస్టాపు దాకా వెళ్లింది. బస్సు వచ్చింది. ఎక్కలేదు. ఎందుకో దాని వెనకే నడవడం మొదలుపెట్టింది. తొందరేమీ లేదు, చేతులు ఊపుకుంటూ, దారిలో దుకాణాల్లోకి తొంగిచూస్తూ, ఈ ఒళ్లు ఎంత దూరం వెళ్లాలనుకుంటుందో చూద్దామన్నట్టు నడిచింది. మలుపు దగ్గర ఒకసారి ఆగి పెద్దగా ఊపిరి పీల్చుకోవడం, భుజాలు కాదు, మనిషి మొత్తం నిండడం ఆయనకి అంత దూరం నుంచీ కనిపించింది. తర్వాత మలుపు తిరిగింది.

ఆయన దీపం ఆర్పబోతూ ఆగాడు. మెత్తటి కుర్చీ వీపు మీద నీలం ప్యాంటు వేలాడుతోంది. తొడల మీద, కూర్చున్నచోట, అడ్డంగా ముడతలు పడి ఉన్నాయి. నడుము పట్టీ దగ్గర, పాత కుట్టుకి రెండు వేళ్ల అవతల, తెల్లటి సుద్ద గీత.